ఫ్రేముల లెక్క: యుద్ధానంతర వియన్నాలో ప్రయోగాత్మక చలనచిత్రం

పీటర్ కూబెల్కా 1960లో పూర్తిచేసిన ‘ఆర్నుల్ఫ్ రైనర్’ చిత్రంలో మనుషులు లేరు, స్థలాలు లేవు, కథ లేదు. వెలుగు నిండిన తెర, చీకటి తెర, రొద, నిశ్శబ్దం అనే నాలుగే అందులోని సామగ్రి. మొత్తం 9,216 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడిస్తే 6 నిమిషాల 24 సెకన్లు. ఈ చిత్రాన్నీ, ఇంచుమించు అదే కాలంలో అదే నగరంలో వచ్చిన మరికొన్ని లఘుచిత్రాలనూ కలిపి వియన్నా రూపవాదానికి పరాకాష్ఠగా పేర్కొనడం చలనచిత్ర చరిత్రలో ఆనవాయితీ అయింది. ఆ రూపనిష్ఠకు మూలమేమిటన్న ప్రశ్నకు సాధారణంగా వినిపించే సమాధానం సంగీతం. షోన్‌బెర్గ్, వెబెర్న్‌ల ఊరు కనుక అక్కడ చలనచిత్రం కూడా స్వరాల లెక్కతో తయారైందని దాని సారాంశం. కూబెల్కా స్వయంగా వెబెర్న్ పేరును తలచుకోవడం ఈ వాదానికి బలమిచ్చింది.

ఈ సమాధానం తప్పు కాదు గాని, చాలదు. సంగీత వారసత్వం మ్యూనిచ్‌కూ ఉంది, ప్రాగ్‌కూ ఉంది. ఒక్కొక్క ఫ్రేమును నాణెంలా లెక్కపెట్టే చిత్రాలు 1950 దశకపు వియన్నాలోనే ఎందుకు పుట్టాయో అది వివరించదు. డబ్బు ఎవరిచ్చారు, ముడి ఫిలిం ఎంత దొరికింది, తీసినదాన్ని ఎవరు చూశారు అన్న విషయాలను పరిశీలిస్తే ఆ రూపనిష్ఠ వెనుక యుద్ధానంతర నగర చరిత్ర కనిపిస్తుంది. చరిత్రతో నిమిత్తం లేనివిగా పేరుపడిన ఈ చిత్రాలు ఆ నగరం దాచిపెట్టదలచిన చరిత్రకు ఎంత దగ్గరగా ఉన్నాయో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నాలుగు జెండాల నగరం

1945 నుంచి 1955 వరకు వియన్నా నాలుగు రాజ్యాల ఆక్రమణలో ఉంది. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ నగరాన్ని పంచుకొన్నాయి. నడిబొడ్డున ఉన్న మొదటి జిల్లా పాలనను నెలకొకరు చొప్పున వంతులవారీగా చేపట్టాయి. కారల్ రీడ్ ‘ది థర్డ్ మ్యాన్’ (1949) ప్రపంచానికి చూపిన శిథిల నగరం ఇదే. నగరంలోని ప్రధాన స్టూడియో రోజెన్‌హ్యూగెల్ సోవియట్ అధీనంలో ఉండిపోయింది. 1955 మే 15న బెల్వెడేర్ భవనంలో సంధిపత్రంపై సంతకాలు జరిగి దేశం స్వతంత్రమైంది. ఆ ఏడాది చివరనే ఎర్న్‌స్ట్ మారిష్కా ‘సిస్సీ’ విడుదలై ఘనవిజయం సాధించింది. రోమీ ష్నైడర్ చక్రవర్తిని పెళ్ళాడే రాకుమారిగా నటించిన ఆ చిత్రం, అంతకుముందు సంవత్సరం వచ్చిన అడవుల, కొండల కథాచిత్రం ‘డెర్ ఫ్యోర్స్టర్ ఫామ్ సిల్బర్‌వాల్డ్’ ఆనాటి ఆస్ట్రియా చలనచిత్ర వాణిజ్యానికి రెండు స్తంభాలు. ఒకటి హాబ్స్‌బర్గుల కాలానికి, మరొకటి కాలమే లేని అడవికి ప్రేక్షకుణ్ణి తీసుకుపోయేవి. 1938కీ 1945కీ నడుమ జరిగినదాని జాడ రెండింటిలోనూ లేదు.

ఆ జాడ నగరమంతటా ఉంది. 1938లో వియన్నాలో లక్షా డెబ్భై వేలకు పైగా యూదులు నివసించేవారు. యుద్ధం ముగిసేనాటికి మిగిలినవారు కొన్ని వేలమంది. ఆస్ట్రియా యూదులలో సుమారు 65,000 మంది హతులయ్యారు, ఎంతోమంది దేశాంతరం పోయారు. మిత్రరాజ్యాల 1943 నాటి మాస్కో ప్రకటన ఆస్ట్రియాను హిట్లర్ దురాక్రమణకు తొలి బలిగా పేర్కొన్నది. ఆ మాటను కొత్త రాజ్యం తన అధికారిక చరిత్రగా చేసుకొని, తక్కిన సంగతుల జోలికి పోలేదు.

దేశాంతరం పోయినవారిలో ఒకడు ఆమోస్ ఫోగెల్. 1921లో వియన్నాలో పుట్టి, 1938లో పారిపోయి అమెరికా చేరాడు. 1947లో అతడు న్యూయార్కులో ‘సినిమా 16’ అనే ఫిలిం సొసైటీని ప్రారంభించాడు. ప్రయోగచిత్రాలు, శాస్త్రచిత్రాలు, నిషిద్ధ చిత్రాలు చూడటానికి చందా కట్టిన సభ్యులు దాని ఉచ్చదశలో 7,000 మంది దాకా ఉండేవారు. వియన్నాలో అప్పటికి అటువంటి సంస్థ ఏదీ లేదు. ప్రయోగచిత్రాన్ని కోరి చూడగల ప్రేక్షకవర్గంలో పెద్దభాగాన్ని, దాన్ని కూడగట్టగల ఫోగెల్ వంటివారిని నగరమే తరిమివేసింది. కూబెల్కా తరం ఎదుర్కొన్న ఒంటరితనాన్ని కళాకారుని స్వభావంగా భావించేముందు ఈ సంగతిని గుర్తుపెట్టుకోవలసి ఉంది.

తొలి అడుగులు

ఆస్ట్రియా యుద్ధానంతర ప్రయోగచిత్రాలలో మొదటిదిగా సాధారణంగా ‘డెర్ రాబె’ (కాకోలం, 1951)ను చెబుతారు. ఎడ్గార్ అలన్ పో కవిత ఆధారంగా కుర్ట్ స్టైన్‌వెండ్నర్, వోల్ఫ్‌గాంగ్ కుద్ర్నోఫ్‌స్కీ దీన్ని తీశారు. అదే ఏడాది హెర్బర్ట్ ఫెసెలీ తొలి లఘుచిత్రం వచ్చింది. ఫెసెలీ ఎంతోకాలం నిలవలేదు, అవకాశాల కోసం పశ్చిమ జర్మనీకి వెళ్ళాడు. ఈ తొలి చిత్రాలలో యుద్ధపూర్వ జర్మన్ అభివ్యక్తివాదపు నీడలు దట్టంగా ఉన్నాయి. వాటిలో కొత్తదనం కంటే తెగిపోయిన తీగను మళ్ళీ అందుకోవాలన్న తపన ఎక్కువ.

కొత్తదనం సినిమా వెలుపలి నుంచి వచ్చింది. అడోల్ఫ్ లోస్ 1908లో నిర్మించిన చిన్న బారు కింద, నేలమాళిగలో, ‘స్ట్రోకోఫర్’ అనే స్థలం 1951 నుంచి రెండేళ్ళపాటు చిత్రకారులకు, కవులకు, జాజ్ వాద్యకారులకు అడ్డాగా ఉండేది. ఎచ్. సి. ఆర్ట్‌మాన్, గెర్హార్డ్ ర్యూమ్, కోన్రాడ్ బాయర్, ఓస్వాల్డ్ వీనర్, ఫ్రీడ్రిఖ్ ఆఖ్‌లైట్నర్‌లను తరువాత ‘వియన్నా బృందం’ అన్నారు. మాటను భావవాహకంగా కాక ధ్వనిగా, కాగితం మీద పరచుకొనే గుర్తుగా చూడటం వీరి పద్ధతి. ‘జాతి’, ‘మాతృభూమి’ వంటి పదాలను ఏడేళ్ళపాటు రేడియోలో విన్న తరం పదాన్ని అనుమానించడంలో వింత లేదు. ఫెర్రీ రాడాక్స్ తీసిన ‘సొనె హాల్ట్!’ (సూర్యుడా ఆగు, 1959–62)లో బాయర్ రచయితగానూ నటుడుగానూ కనిపిస్తాడు.

రాడాక్స్, కూబెల్కా కలిసి 1955లో ‘మోజాయిక్ ఇమ్ ఫెర్‌ట్రావెన్’ తీశారు. తెగిన కథాశకలాల నడుమ, ఆ ఏడాది లె మాన్ కారు పందెంలో జరిగిన ఘోరప్రమాదపు వార్తాచిత్రం చొరబడుతుంది. బొమ్మకూ శబ్దానికీ ఉన్న సహజబంధాన్ని తెంచి, వేరొక బంధం కుదర్చటం కూబెల్కా ఇక్కడే మొదలుపెట్టాడు. చిత్రం కొంత బరువుగా, పదహారు నిమిషాలకే దీర్ఘంగా తోస్తుంది. ఆ నిడివి అతని తరువాతి పనిలో మరి కనబడదు.

కేఫ్, బీరు కంపెనీ, చిత్రకారుడు

కూబెల్కా తరువాతి మూడు చిత్రాలూ ఇతరుల సొమ్ముతో, వేరే పని నిమిత్తం తయారైనవే. ‘అడెబార్’ (1957) అదే పేరుగల కేఫ్‌కు ప్రకటన. ‘ష్వెఖాటర్’ (1958) బీరు కంపెనీకి ప్రకటన. ‘ఆర్నుల్ఫ్ రైనర్’ చిత్రకారుడైన మిత్రుడు తనను గురించిన చిత్రం వస్తుందనుకొని సహాయపడినది. వీటిని అడిగినవారు ఆశించినది ఒకటి, అందుకొన్నది మరొకటి.

‘అడెబార్’లో నాట్యం చేసే జంటలు నీడబొమ్మలుగా కనిపిస్తారు. తీసిన బొమ్మలు బహుకొద్ది. వాటినే పాజిటివ్‌లో ఒకసారి, నెగెటివ్‌లో మరొకసారి వాడాడు. ప్రతి షాటు నిడివి 13 ఫ్రేములు, లేదా దానికి రెట్టింపు 26, లేదా దానికి రెట్టింపు 52. మధ్య ఆఫ్రికా పిగ్మీల పాటలోని ఒక తునక ఆద్యంతం ఆవృత్తమవుతూ ఉంటుంది. చిత్రం ఒక నిమిషం పది సెకన్లకు లోపే ముగుస్తుంది. ‘ష్వెఖాటర్’ నిడివి ప్రకటనల ఒప్పందం ప్రకారం సరిగ్గా ఒక నిమిషం, అంటే 1,440 ఫ్రేములు. బీరు తాగే మనుషులు, నురగ, గ్లాసులు ఒకటి రెండు ఫ్రేముల మెరుపులుగా వచ్చిపోతాయి. నల్లని ఖాళీల నడుమ ఎర్రరంగు క్రమంగా పొంగుతుంది. సరుకు అమ్మవలసిన చిత్రంలో సరుకు కంటికి నిలవదు. కంపెనీవారు సంతోషించలేదు. వియన్నాలో పని దొరకని కూబెల్కా స్వీడన్ వెళ్ళవలసి వచ్చింది.

కొరతకూ రూపానికీ ఉన్న సంబంధం ఇక్కడ స్పష్టం. కొద్దిపాటి ముడి ఫిలిం మాత్రమే చేతిలో ఉన్నవాడు ఒకే షాటును పలుమార్లు వాడక తప్పదు. పలుమార్లు వాడితే ఆవృత్తికి ఒక నియమం కావాలి, నియమానికి లెక్క కావాలి. ప్రకటన ఒక నిమిషమే ఉండాలన్న షరతు 1,440 ఫ్రేముల హద్దును ముందే గీసింది. ఈ మార్గాన్ని తుదిదాకా అనుసరిస్తే ‘ఆర్నుల్ఫ్ రైనర్’ వస్తుంది. దానికి కెమెరా కూడా అక్కరలేదు. పారదర్శకమైన ఫిలిం ముక్క, నల్ల ఫిలిం ముక్క, రొద నింపిన ధ్వని టేపు, ఖాళీ టేపు ఉంటే చాలు. వాటిని 576 ఫ్రేముల ఖండాలు పదహారుగా కూర్చాడు. 576 అంటే ఇరవైనాలుగు ఇరవైనాలుగులు. చలనచిత్ర చరిత్రలో ఇంత పేద చిత్రం మరొకటి ఉండదు. తొలి ప్రదర్శనలో హాలు దాదాపు ఖాళీ అయిపోయిందని కూబెల్కా తరువాతి ఉపన్యాసాలలో చెప్పేవాడు.

తెలుగు పాఠకుడు ఈ పద్ధతిని గ్రహించడానికి వెబెర్న్ దాకా పోనక్కరలేదు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అన్న నియమం తెలిసినవానికి 13, 26, 52ల వరుస కొత్త కాదు. భేదమల్లా ఒకటే. పద్యంలో గణం అర్థవంతమైన పదాన్ని మోస్తుంది, ‘ఆర్నుల్ఫ్ రైనర్’లో గణమే మిగిలి పదం తప్పుకొంది. పదాన్ని అనుమానించిన వియన్నా బృందానికి పక్కనే ఇది పుట్టిందని గుర్తుంటే, ఆ తప్పుకోవడం కేవల రూపక్రీడగా తోచదు.

కూబెల్కా తరువాతి చిత్రం ‘ఉన్‌జెరె ఆఫ్రికారైజె’ (మన ఆఫ్రికా యాత్ర, 1966) ఈ అభిప్రాయాన్ని బలపరుస్తుంది. ఆఫ్రికాకు వేటకు బయలుదేరిన కొందరు ఆస్ట్రియన్లు తమ విహారాన్ని చిత్రించడానికి 1961లో అతణ్ణి వెంట తీసుకుపోయారు. గంటలకొద్దీ బొమ్మ, అంతకంటె ఎక్కువ శబ్దం పోగుచేసుకొని తిరిగివచ్చి, అయిదేళ్ళపాటు కూర్చి, పన్నెండున్నర నిమిషాల చిత్రంగా కుదించాడు. అందులో తుపాకి పేలిన చప్పుడుకు ఒక మనిషి టోపీ ఎగిరిపోతుంది. నిజానికి ఆ పేలుడు వేరొకచోటిది, టోపీని లేపినది గాలి. యతిమైత్రి చెల్లినట్లు దూరంగా ఉన్న రెండు సంగతులు ఒక్కచోట కలుస్తాయి. వేటగాళ్ళ నవ్వు చచ్చే జంతువు మీద పడుతుంది. వారి బీరకబుర్లు ఆఫ్రికావాసుల ముఖాల మీదుగా వినిపిస్తాయి. వ్యాఖ్యానం ఒక్కముక్క లేదు. తోటి మనిషిని వస్తువుగా చూసే చూపు ఇరవయ్యేళ్ళ కిందట నగరంలో ఏమి చేసిందో ఎరిగిన ప్రేక్షకునికి వ్యాఖ్యానం అవసరమూ లేదు. ఈ చిత్రానికి డబ్బు పెట్టినవారు కూడా ఆశించినది జ్ఞాపికే.

క్యాషియర్ గ్రాఫు కాగితాలు

కూబెల్కాకు అయిదేళ్ళు పెద్దవాడైన కుర్ట్ క్రెన్ (1929–1998) కథ వేరు. తండ్రి యూదుడు. పదేళ్ళ బాలుణ్ణి 1939లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌కు పంపివేశారు. 1947లో వియన్నాకు తిరిగివచ్చి ఆస్ట్రియా జాతీయ బ్యాంకులో ఉద్యోగంలో చేరాడు. అక్కడ క్యాషియర్‌గా పనిచేస్తూ, తీరిక వేళల్లో చిత్రాలు తీశాడు. అతని చిత్రాల పేర్లు సంఖ్యలతో మొదలవుతాయి. ముందు వరుససంఖ్య, తరువాత సంవత్సరం, ఆపైన పేరు. ‘1/57 కృత్రిమ ధ్వనితో ప్రయోగం’ మొదటిది. ఈ సంఖ్యలు బ్యాంకు చిట్టాను తలపిస్తాయని ఎవరైనా అంటే అది ఊహ మాత్రమే, కాని తోసిపుచ్చదగిన ఊహ కాదు.

చిత్రం తీయడానికి ముందే క్రెన్ గ్రాఫు కాగితం మీద ప్రతి షాటుకూ ఎన్ని ఫ్రేములో గుర్తించి స్వరపత్రం వంటి పటం గీసుకొనేవాడు. ‘3/60 బోయ్‌మె ఇమ్ హెర్బ్‌స్ట్’ (శరత్కాలపు చెట్లు)లో ఆ పటాన్ని అనుసరించి కెమెరాలోనే కూర్పు జరిగింది. శబ్దం కోసం ఫిలిం అంచున సిరాతో గీతలు గీశాడు. ఆకులు రాలిన కొమ్మలు నరాల పటంలా కంపిస్తాయి.

అంతకు ముందటి ‘2/60 సోండీ పరీక్షలోని 48 తలలు’ మరింత ఆలోచింపజేసే చిత్రం. లియోపోల్డ్ సోండీ అనే మనోవైద్యుడు మానసికరోగుల ఛాయాచిత్రాలు 48 తీసుకొని ఒక పరీక్ష రూపొందించాడు. ఏ ముఖం నచ్చింది, ఏది నచ్చలేదు అన్నదాన్ని బట్టి పరీక్షార్థి మనస్తత్వాన్ని నిర్ణయించడం దాని పద్ధతి. క్రెన్ ఆ ముఖాలను వేగంగా మార్చి మార్చి చూపాడు. ఏ ముఖాన్నీ ఎంచుకోవడానికి గాని, వర్గీకరించడానికి గాని ప్రేక్షకునికి వ్యవధి ఉండదు. ముఖం చూసి మనిషి జాతిని, యోగ్యతను తేల్చిన పాలనలో బాల్యం గడిపినవాడు చేసిన చిత్రమిది. అయినా చాలాకాలం దీన్ని కంటిచూపు మీద జరిపిన ప్రయోగంగానే చదివారు.

1964 నుంచి క్రెన్ ఓట్టో మ్యూల్, గ్యుంటర్ బ్రూస్‌ల దేహప్రదర్శనలను చిత్రించాడు. ఆహారపదార్థాలు, రంగు, మట్టి ఒంటికి పూసుకొని సాగే ఆ ప్రదర్శనలను ‘వియన్నా చర్యావాదం’ అంటారు. ‘6/64 మామా ఉంట్ పాపా’లోనూ ‘10/65 సెల్బ్స్ట్‌ఫెర్‌స్ట్యూమెలుంగ్’ (ఆత్మవిచ్ఛేదం)లోనూ ఆ చర్యలను అతడు నమోదు చేయలేదు, ముక్కలు చేసి తిరిగి అల్లాడు. తన చర్య తెరమీద క్రెన్ చిత్రంగా మారిపోవడం మ్యూల్‌కు అంతగా రుచించలేదు. చర్యావాదం పట్ల నేటి పాఠకునికి అభ్యంతరాలుండవచ్చు, ఉండటం సమంజసం కూడా. క్రెన్ లెక్క ఆ ఉద్రేకాన్ని పలచన చేయకుండానే అదుపులో పెట్టింది.

మ్యూజియం, వీధి

చిత్రాలు చూపే చోటు కోసం కూబెల్కా 1964లో పీటర్ కోన్‌లెఖ్నర్‌తో కలిసి ఆస్ట్రియా ఫిలిం మ్యూజియాన్ని స్థాపించాడు. మరుసటి ఏడాది నుంచి ఆల్బర్టీనా భవనంలో ప్రదర్శనలు సాగాయి. ఈ మ్యూజియంలో అద్దాల పెట్టెలు, పాత కెమెరాలు ముఖ్యం కావు, ప్రదర్శన జరగవలసినది తెరమీదనే అన్నది దాని సిద్ధాంతం. న్యూయార్కులో 1970లో ప్రారంభమైన ఆంథాలజీ ఫిలిం ఆర్కైవ్స్‌కు కూబెల్కా రూపొందించిన ‘అదృశ్య ప్రదర్శనశాల’ ఈ సిద్ధాంతానికి భవనరూపం. గోడలు, పైకప్పు, కుర్చీలు అన్నీ నలుపు. పక్కవాడు కనబడకుండా కుర్చీల మధ్య అడ్డుపలకలు. తెర తప్ప మరేదీ లేని చోటు.

తరువాతి తరానికి ఆ చీకటిగది ఊపిరాడనిదిగా తోచింది. 1968లో కుర్ట్ క్రెన్, హాన్స్ షోయ్‌గెల్, ఎర్న్‌స్ట్ ష్మిట్ జూనియర్, పీటర్ వైబెల్, వాలీ ఎక్స్‌పోర్ట్, గోట్‌ఫ్రీడ్ ష్లెమ్మర్ కలిసి చిత్రకారుల సహకార సంఘాన్ని నెలకొల్పారు. మ్యూజియం చలనచిత్రాన్ని తెరకు పరిమితం చేస్తే, వీరు తెరనే ప్రశ్నించారు. షోయ్‌గెల్ ఫిలింకు బదులు ప్రొజెక్టరులో దారం నడిపించాడు, తెరమీద కదిలే నిలువుగీతే చిత్రమైంది. వాలీ ఎక్స్‌పోర్ట్ తన ఛాతీకి తెరతో మూసిన పెట్టె తగిలించుకొని వీధిలో నిలబడి, దారినపోయేవారిని చేయి లోపల పెట్టమని ఆహ్వానించింది. దానికి ‘స్పర్శ సినిమా’ అని అర్థం వచ్చే పేరు పెట్టింది. చీకటిలో దాక్కొని స్త్రీదేహాన్ని చూసే ప్రేక్షకుడు ఇక్కడ పట్టపగలు, నలుగురి ఎదుట, ఆమె కళ్ళలోకి చూస్తూ ఆ పని చేయాలి. కూబెల్కా అడ్డుపలకలకు ఇంతకంటె ఘాటైన ప్రత్యుత్తరం లేదు. అయితే రెండు పక్షాలూ ఒకే సమస్యతో పెనుగులాడాయి. వాణిజ్య ప్రదర్శనశాలలో కూర్చొనే అలవాటైన ప్రేక్షకుణ్ణి వాళ్ళిద్దరూ అంగీకరించలేదు.

1968 జూన్ 7న విశ్వవిద్యాలయ ఉపన్యాసశాలలో బ్రూస్, మ్యూల్, వైబెల్, వీనర్ మొదలైనవారు ‘కళ, విప్లవం’ పేరుతో జరిపిన సభ అరెస్టులకు, పత్రికల దుమారానికి దారితీసింది. బ్రూస్ జైలుశిక్ష తప్పించుకోవడానికి బెర్లిన్ వెళ్ళిపోయాడు. క్రెన్ బ్యాంకు ఉద్యోగం ఆ సంవత్సరమే పోయింది. అదే సంవత్సరం అతడు తీసిన ‘20/68 షాట్‌సీ’లో ఉన్నది ఒకే ఛాయాచిత్రం. యూనిఫారంలో ఉన్న ఒక అధికారి నిలబడి నేలమీద పరచుకొన్న శవాలను చూస్తున్నాడు. పాజిటివ్, నెగెటివ్ ఒకదానిమీద ఒకటి పడి ఒకదాన్నొకటి చెరిపివేస్తుండటం వల్ల మొదట బూడిదరంగు తప్ప మరేమీ కనిపించదు. కళ్ళు చికిలించుకొని చూడగా చూడగా బొమ్మ తేలుతుంది. ‘షాట్‌సీ’ అంటే ముద్దుపిలుపు, ‘బంగారం’ అన్నట్లు. ‘అడెబార్’లో జంటల నాట్యానికి వాడిన పాజిటివ్-నెగెటివ్ పద్ధతే ఇక్కడ శవాల మీద వాడబడింది. సాంకేతికంగా రెంటికీ పెద్ద తేడా లేదు.

సంఘం ఎక్కువకాలం చురుకుగా సాగలేదు. ష్మిట్ జూనియర్, షోయ్‌గెల్ కలిసి 1974లో ప్రయోగచిత్రాలపై రెండు సంపుటాల కోశం వెలువరించారు. ష్మిట్ 1977లో ‘వీన్‌ఫిల్మ్ 1896–1976’ పూర్తిచేశాడు. నగరంలో లుమియేర్ సంస్థ తీసిన తొలి దృశ్యాల నుంచి ఎనభై ఏళ్ళ వియన్నాను, దొరికిన ముక్కలతో, మిత్రుల చిత్రశకలాలతో, సుమారు రెండు గంటల నిడివిలో కూర్చాడు. అందులో ఆదేశించే గొంతు లేదు, నగరాన్ని కొనియాడే వాల్ట్జ్ ఉన్నా అది ఎగతాళిగానే వినిపిస్తుంది. వాణిజ్య సినిమా వదిలేసిన ఏళ్ళకు అక్కడ చోటు దొరికింది.

క్రెన్ 1978లో అమెరికా వెళ్ళి, హ్యూస్టన్‌లోని ఒక మ్యూజియంలో కాపలాదారుగా పనిచేశాడు. 1989లో వియన్నాకు తిరిగివచ్చాడు. ఆ ఏడాదే మార్టిన్ ఆర్నల్డ్ అనే యువకుడు ‘పియెస్ టూషే’ పూర్తిచేశాడు. 1950 దశకపు ఒక అమెరికా చిత్రం నుంచి పద్దెనిమిది సెకన్ల షాటు తీసుకొన్నాడు. గదిలో కూర్చొన్న భార్య, తలుపు తెరుచుకొని వచ్చే భర్త. దాన్ని ఒక్కొక్క ఫ్రేముగా ముందుకూ వెనుకకూ నడిపి పదహారు నిమిషాల చిత్రం చేశాడు.